గిడసబారిన జొన్న చేను, మా పెదబాపు మంద

మా పెదబాపు పోయాడన్న కబురు వచ్చేసరికి నేను నకిరేకల్ బడిలో సైన్సు పాఠం చెప్తున్నాను. నల్లబల్ల మీద సూర్యుడు, గడ్డి, గొర్రె, మనిషి, నడుమ బాణాలు. కబురు తెచ్చినతను గడపలోనే ఆగి, "మీ పెదబాపు పోయిండు సారూ, జల్ది పోవాలె" అన్నాడు. బల్ల తుడవకుండానే బయలుదేరాను.

ఆయన మీకెవరికీ తెలియదు. ఆత్మకూరు దగ్గర గొర్రెలు కాసుకున్న మనిషి. ఆయన తమ్ముడైన మా బాపు నా చిన్నప్పుడే పోతే, మందలోంచి ఏటా పొట్టేళ్లను సంతకు తోలి నన్ను చదివించాడు. తాను బడి మొహం చూడలేదు. అయినా నేను పుస్తకంలో చదివిందంతా ఆయన నోట ముందే విన్నదే.

"ఎండ గడ్డిలకు పోతది, గడ్డి గొర్రెలకు పోతది, గొర్రె మన కడుపులకొస్తది. తొవ్వల శానా కారిపోతది బిడ్డా. గందుకే గంత గడ్డికి గింతే గొర్రె."

ఎండాకాలం మందను అమ్రాబాద్ అడవికి తోలుకుపోయేవాడు. "ఆడ మబ్బు ఆగుతది, చెట్టు ఎత్తు పెరుగుతది. మన దిక్కు మబ్బు ఆగది, చెట్టు ముండ్లు పెట్టుకుంటది" అనేవాడు.

మందను నోటితో లెక్కపెడితే దిష్టి అని ఆయన నమ్మకం. పొద్దుగూకే వేళ దొడ్డి తడక పక్కన నిలబడి, ఒక్కొక్క వీపునూ తాకుతూ లోపలికి పంపేవాడు. ఒక్కటి తగ్గినా అరచేతికి తెలిసేది.

నేను సారునయ్యాక, వానలు మొగం చాటేసిన ఒక ఏడు ఆయనకు చలిజ్వరం పట్టింది. సెలవు పెట్టి వెళ్లాను. "రెండు దినాలు ఆగు. జరం దిగంగనే అడవికి పోదాం" అన్నాడు. గొర్రెలు ఆకలికి ఒకదాని బొచ్చు ఒకటి కొరుకుతున్నాయి. చూస్తూ ఆగడం నావల్ల కాలేదు. మర్నాడు నేనే తోలుకెళ్లాను. వలసపోయిన రైతు వదిలేసిన జొన్న చేను ఒకటి కనబడింది. మోకాలెత్తున గిడసబారినా ఇంకా పచ్చగానే ఉంది. పచ్చనిదంతా మేతే అనుకున్నాను, సైన్సు సారును కదా. మందను దింపాను.

కాసేపటికే మొదటిది కూలింది. ఊపిరాడక కాళ్లు కొట్టుకుంటూ ఒకదాని వెనుక ఒకటి పడిపోయాయి. ఏడుస్తూ, రాళ్లు విసురుతూ మిగిలినవాటిని బయటికి తరిమాను. నా కేకలు విని పెదబాపు జ్వరంతోనే వచ్చాడు. చచ్చిన గొర్రె పక్కన కూలబడ్డాడు.

"వాన లేక గిడసబారిన జొన్న విషమైతది బిడ్డా. నీకు చెప్పకపోతి. తప్పు నాదే."

తిట్టినా బాగుండేది. ఆ మాట ఈనాటికీ నన్ను తింటోంది. తర్వాత ఆయన మళ్లీ మంద కట్టలేకపోయాడు, కరువు పనుల్లో కంకర కొట్టాడు. తప్పు నాదేనని ఆయన ముందు ఒక్కసారి కూడా అనలేకపోయాను. ఇక ఎవరితో అనను?

మంద కూలిన ఆ సాయంత్రం బతికిన కొన్నీ దొడ్డిలోకి నడిచాయి. ఎప్పటిలాగే ఒక్కొక్క వీపునూ తాకాడు. ఆఖరిదీ లోపలికి పోయింది.

"అయిపోయినయ్ పెదబాపూ, తడక పెట్టనా?" అన్నాను.

"జర ఆగు బిడ్డా" అన్నాడు. చాచిన చెయ్యి అట్లాగే ఉంది.