కుడివైపు తిరిగిన మెడలు

అమెరికాలోని మా అయోవాలో మే నెల వచ్చిందని నాకు కేలెండరు చెప్పక్కర్లేదు. వెన్నుపూసలు సరిచేసే లోయిస్ డాక్టరమ్మ దగ్గర ఇరవై ఏళ్లుగా వచ్చేవాళ్ల పేర్లు రాసుకుంటున్నాను. మొక్కజొన్న వేసిన రైతులంతా కుడివైపు తిరిగిపోయిన మెడలతో వస్తారు. ట్రాక్టరు తోలుతూ, వెనక విత్తనాలు వేసే యంత్రాన్ని రోజంతా కుడిభుజం మీదుగా చూస్తారు మరి.

మొన్న వెర్లిన్ వచ్చాడు. డాక్టరమ్మ అతని మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పేసరికి చిటుక్కుమన్న చప్పుడు నాదాకా వినిపించింది.

"ట్రాక్టరుకి అద్దం పెట్టించుకోమని ఎన్నేళ్లు చెప్పాలయ్యా?"

"అద్దంలో చూసి వేస్తే సాలు వంకరపోతుంది డాక్టరమ్మా. మా పొలం రోడ్డు పక్కనే. పక్క పొలం డ్వేన్‌గాడి కంట పడితే, కోతలయ్యేదాకా వెక్కిరిస్తూ నన్ను ప్రశాంతంగా కాఫీ తాగనిస్తాడా?"

"సాలు తిన్నగా ఉంటే మనిషి వంకరైనా పర్లేదన్నమాట!"

"అంతే మరి," అంటూ వెర్లిన్ టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు.

ముందుగదిలో డ్వేనే కూర్చున్నాడు, గడ్డం కుడిభుజానికి ఆనించి. మెడ తిరగక, కుర్చీతో సహా ఇటు తిరిగాడు.

"నీ పొలం చూసే వస్తున్నాన్రా వెర్లిన్. నాలుగో సాలు కాస్త వంకరపోయినట్టుందే?"