ఎలిహియో చదవని పేజీ

మా మోకా ఊరి బజారు వెనక సందులో ఎలిహియోది చెప్పులు కుట్టే కొట్టు. గ్రంథాలయం వాళ్ళు మా రచయితల కూటమిని బయటికి పొమ్మంటే, "నా కొట్లో కూర్చోండి, నాకేం అడ్డం" అన్నాడు. పదకొండేళ్ళు ప్రతి శనివారం కూర్చున్నాం. కుర్చీలు వేసేది అతనే, కాఫీ పెట్టేది అతనే, మా ఉపన్యాసాలకు తలూపేది అతనే. అతనూ రాసేవాడు. కుట్టడానికి ఇచ్చి మళ్ళీ రాని చెప్పుల గురించి, వాటిని తొడుక్కున్న మనుషుల గురించి, తలా ఒక పేజీ. అందులో ఒక్కటి కూడా మా ముందు చదవలేదు. చదవమని గట్టిగా అడిగిన పాపాన మేమూ పోలేదు. నేను బడిపంతులమ్మని, ఆ కూటమికి కార్యదర్శిని కూడాను.

భార్య ఫియోర్దలీసాకు చదువు రాదు. తన పేరు మాత్రం గుర్తుపడుతుంది, అదీ అతను నేర్పిందే. ఆమె మీదా ఒక పేజీ ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు తండ్రితో పోట్లాడి, తెగిన చెప్పు కుట్టించుకోడానికి అతని కొట్టుకు వచ్చిన రోజు గురించి. వినిపించమంటే, "ఇంట్లో చదివితే మొగుడు పెళ్ళాన్ని పొగిడినట్టుంటుంది. నలుగురిలో చదువుతా, నువ్వొచ్చి ముందు వరసలో కూర్చో" అన్నాడట. ప్రతి శనివారం "ఈ వారమేనా?" అని ఆమె అడగడం, "ఇంకా కుదర్లేదే" అని అతను అనడం. అలా అంటూ అంటూనే మార్చిలో గుండె ఆగి పోయాడు.

తొమ్మిదోరోజు ప్రార్థనకు ముందురోజు ఆమె మా బడికి వచ్చింది.

"టీచరమ్మా, రేపు మీవాళ్ళంతా వస్తారుగా. ఆరింటికి ప్రార్థన ముగించి, ఆయన ఫొటో పెట్టిన పీఠం తీసేస్తే ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. ఈలోపే ఆ పేజీ ఎవరైనా చదవండి. ఆయన ఇంట్లో ఉండగానే నేను వినాలి. పెట్టెలో దొరికింది, దాని మీద నా పేరుంది."

"నేను చూసుకుంటానక్కా, బెంగపడకు" అన్నాను.

మర్నాడు మూడింటికల్లా పద్నాలుగు మందిమి వాళ్ళింట్లో దిగాం. తెల్ల దుప్పటి పరిచిన పీఠం మీద కొవ్వొత్తులు, మంచినీళ్ళ గ్లాసు, ఎలిహియో ఫొటో. మా అధ్యక్షుడు ప్రొఫెసర్ పెర్సియో ఆ ఫొటోకు వీపు పెట్టి నిలబడి, వచ్చిన వాళ్ళ బిరుదులన్నీ ఒక్కొక్కటిగా చదివి స్వాగతం పలికాడు. చావింట్లో. అరగంట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత ఎవరి గోల వారిది. ఒకడు సముద్రం మీద చదివాడు. యోకాస్తా తనను వదిలేసినవాడి మీద విరహగీతం ఎత్తుకుంది.

"దీనికీ ఎలిహియోకీ ఏంటమ్మా సంబంధం?" అన్నాను చెవిలో.

"విరహమూ చావే కదా టీచర్" అంది, మేక కూర ముక్క నములుతూ.

పెర్సియో స్మృతిగీతం పద్దెనిమిది పేజీలు. అందులో ఎలిహియో ఒక్క పేజీలో ఉన్నాడు, మిగతా అంతా పెర్సియోనే. ఫియోర్దలీసాను ఫ్లోరిందా అన్నాడు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆవిడ వంటింటి గుమ్మంలో కాగితం పట్టుకుని నిలబడే ఉంది. వీళ్ళతోనా నేను పదకొండేళ్ళు కూర్చున్నది అని నా మీద నాకే రోత పుట్టింది.

"ప్రొఫెసర్ గారూ, ఆవిడ పేజీ ఒకటుంది..."

"చివర్లో, చివర్లో. ఇంకో రెండు చరణాలే."

రెండు చరణాలు ఆరింటిదాకా సాగాయి. ప్రార్థనలు చెప్పే ముసలమ్మ కొంఫెసోరా లేచింది. "చచ్చినవాడు మీ కవిత్వం కోసం ఆగడు నాయనా, జరగండి" అని ప్రార్థన ముగించి, కొవ్వొత్తులు ఆర్పి, దుప్పటి మడిచింది. అయిపోయింది. మావాళ్ళు మిగిలిన కూర, కందిగింజల అన్నం పొట్లాలు కట్టించుకుని, "సభ బ్రహ్మాండంగా జరిగింది" అనుకుంటూ పోయారు. సిగ్గులేని జన్మలు.

నేను వంటింట్లోకి వెళ్ళాను. "ఇలా ఇవ్వక్కా, నేను చదువుతా."

"ఇప్పుడెందుకులెండి, ఆయన వెళ్ళిపోయాడుగా" అంది. అయినా ఇచ్చింది.

మడత విప్పాను. ఎలిహియో గుండ్రటి అక్షరాలు. వాటి పక్కన, మార్జిన్‌లో, ఎర్ర సిరాతో నా దస్తూరి. కూటమిలో మొదటిసారి చదవబోయేవాళ్ళు రాసినవి ముందుగా దిద్దేది నేనే. ఎన్నో దిద్దాను, ఇది దిద్దినట్టు గుర్తే లేదు. ఆమె గురించి రాసిన ప్రతి వాక్యం మీదా అతను స్కేలు బద్ద పెట్టి, తిన్నగా గీత కొట్టాడు. నేను కొట్టమన్నాను కాబట్టి.

గొంతు సవరించుకుని ఆ కొట్టేసిన వాక్యాలే చదివాను. "ఒక కాలికి చెప్పు, ఒక కాలికి దుమ్ము. అలా వచ్చింది ఫియోర్దలీసా. తెగింది కుట్టడానికి పావుగంట చాలు. నేను సాయంత్రం దాకా కుట్టాను."

ఆమె నవ్వింది. "దొంగ సచ్చినోడు. సూది విరిగిందన్నాడు నాతో." అరచేత్తో కళ్ళొత్తుకుని, మళ్ళీ చదివించుకుంది. తర్వాత వేలు తెచ్చి మార్జిన్ మీద పెట్టింది.

"ఈ ఎర్రగా ఉన్నదేంటి? ఏం రాశాడు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకు తెలిసే దారే లేదు.

"ఆయన రాసింది కాదక్కా. నేను రాశాను."

"ఏమని?"

"భార్య ప్రసక్తి అనవసరం, తీసేస్తే రచన బిగుస్తుంది, అని."

పొయ్యి మీద కాఫీ పొంగి మంట ఆరిపోయింది. ఆమె చూడనైనా చూడలేదు.

"ఎప్పుడు?"

తారీఖు కూడా వేశాను నేను. అన్నీ పద్ధతిగా చేసే మనిషిని కదా. "ఏడేళ్ళయింది."

"అందుకేనా ఇంకా కుదర్లేదు, ఇంకా కుదర్లేదు అన్నాడు?"

"అందుకే అయ్యుంటుంది."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని, పాత మడతల మీదే మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"మీరు భోంచేశారా?" అంది.

"చేశాను."

"అయితే ఇక బయల్దేరండి టీచరమ్మా."