దాళ్వా, దావా

కరోనా రెండో ఉద్ధృతి సద్దుమణిగిన ఏడాది శీతకాలంలో నన్ను విజయవాడ యూనిట్‌లో జిల్లా డెస్క్ ఇన్‌చార్జిగా వేశారు. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తలను సబ్ ఎడిటర్లు దిద్ది శీర్షిక పెడతారు. పేజీని చూసి ప్రెస్సుకు వదలడం ఇన్‌చార్జి పని.

పామర్రు కంట్రిబ్యూటర్ కోటేశ్వరరావు గారికి ఆ ఏడాదే పక్షవాతం వచ్చింది. రాయలేక, వార్తను ఫోనుకు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెబుతుంటే ఫోనే తెలుగులో టైపు చేసేది. "కుడిచెయ్యి పడిపోయింది గానీ నోరు బాగానే ఉందండీ" అనేవారు.

డెల్టాలో రెండో పంట వరిని దాళ్వా అంటారు. ఒకరోజు ఆయన దాళ్వా అంటే ఫోను దావా అని రాసింది. ఆయన చూసుకోలేదు, సబ్ ఎడిటర్ చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. "దావాకు రైతులు సిద్ధం" అన్న శీర్షికతో వార్త అచ్చయింది. పొద్దున్నే కాలువల ఇంజినీరు ఒకాయన ఫోన్ చేసి, దావా ఎవరి మీదని అడిగారు. పామర్రు టీకొట్టు దగ్గర ఓ రైతు, "ఏం విలేకరిగారూ, మమ్మల్ని కోర్టుకెక్కించారు సరే, ప్లీడర్నీ మీరే మాట్లాడతారా?" అన్నాడట.

యూనిట్ మేనేజరు పామర్రుకు వేరే మనిషిని చూడమన్నారు. నేను నెల గడువు అడిగాను. ఆ నెలంతా కోటేశ్వరరావు గారు దావా అని పడ్డప్పుడల్లా ఎడమచేత్తో దిద్దుతూ వచ్చారు.

గడువు రోజున మేనేజరు ఆయన్ను ఆఫీసుకు పిలిపించారు. మాట్లాడుతుండగానే పామర్రు నుంచి కబురొచ్చింది. కాలువ శివారు రైతులు నిజంగానే కోర్టుకు వెళ్లారు. వార్త తన ఎదుటే చెప్పమన్నారు మేనేజరు. కోటేశ్వరరావు గారు ఫోను నోటి దగ్గర పెట్టుకుని మామూలుగానే చెప్పారు: "దాళ్వా వేసిన శివారు రైతులు నీరందలేదని దావా వేశారు."

తెర మీద మాటలు ఒక్కొక్కటే పడ్డాయి. దాళ్వా దాళ్వాగానే, దావా దావాగానే. రెండూ 'వేసేవే', అయినా ఫోను తడబడలేదు. ముప్పై ఏళ్లు కాపీ దిద్దిన నేను తప్పు కోసం వెతికాను, దొరకలేదు. మేనేజరు ఫోను తీసుకుని రెండుసార్లు చదివి, "పామర్రు మీరే చూడండి" అన్నారు.

ఇదెలా సాధ్యమని సిస్టమ్స్ ఇంజినీరును అడిగాను. లక్షల వాక్యాలు చూసి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో అది పట్టుకుంటుందని, మనుషులు దిద్దిన తప్పులూ దానికి పాఠాలేనని చెప్పాడు. ఇందులో కోటేశ్వరరావు గారి దిద్దుబాట్ల వాటా ఎంతో తనకూ తెలియదన్నాడు. పొలం గట్టు గానీ కోర్టు మెట్లు గానీ చూడని యంత్రం పక్కమాటలతోనే ఆ తేడా కనిపెట్టింది.

మేం అచ్చువేసిన వార్తలో దావా పక్కనే నారుమళ్లు, విత్తనాలు, కాలువనీళ్లు ఉన్నాయి. శీర్షిక చూసి పేజీ వదిలేశాను కాబట్టి అవి నాకు కనపడలేదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా వార్త ముందు, శీర్షిక తర్వాత చదివాను. ఆ పద్ధతి నాకు ఫోను నేర్పింది.