సుగుణకు కొన్న కమ్మలు

పోయిన ఆదివారం చర్చిల ఏమైందో వేరే ఎవరన్న మీకు చెప్పకముందే నేనే చెప్పేస్త. ఇంకొకరు చెప్తే ఇంకింత ఖరాబుగ చెప్తరు. మా డ్రైవర్ యాదయ్యకు సగం తెలుసు. అందుకే ఇందాకటి నుంచి మీ అందరి నడుమ కూసొని ఛాయ్ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకొని నవ్వుతుండు.

వికారాబాద్, తాండూర్ బస్సు మీద నేను కండక్టర్ని. బస్సుల అరవై మంది కిక్కిరిసి నిలబడ్డా, ఎవరు టికెట్ తీసుకోలేదో మొఖం చూసి చెప్త. ధారూర్‌ల ఎక్కిన ముసలమ్మ చేతిసంచి ఏ రంగుదో తాండూర్‌ల దిగినంక గూడ నాకు యాదుంటది. డ్యూటీ లేని ఆదివారం చర్చిల లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్త. దేవుడు నాకు విశ్వాసం ఇచ్చిండు, గొంతు గూడ ఇచ్చిండు. రెండోది జర ఎక్కువిచ్చిండు. మైకు దొరికితే పాస్టరయ్య మూడుసార్లు గడియారం చూసేదాక కూసోను.

మా పెండ్లయి ఇరవై ఐదేండ్లు నిండినయి. "ఈ ఆదివారం మీరిద్దరు ముందరికొచ్చి సాక్ష్యం చెప్పాలె" అన్నడు పాస్టరయ్య. నాకంతే చాలు. మా ఆమె సుగుణకు ఏమన్న పెట్టాలె, అందరు చూస్తుండంగ పెట్టాలె అనుకున్న.

ఏం పెట్టాల్నో ఆలోచించే పని లేకుండె. ఆమె చెవులకు కమ్మలు లేక ఇరవై ఏండ్లయింది. తీయించింది నేనే.

అప్పుడున్న పెద్ద పాస్టరయ్య బంగారం పెట్టుకోవద్దనేటోడు. చానా మంది విని ఊకున్నరు. నేను మాత్రం ఒక ఆదివారం ఉన్నట్టుండి లేచి, "నా భార్య చెవుల కమ్మలు దేవుని పనికిస్తున్న" అన్న. అప్పటికి మా చర్చికి మైకు లేదు. ఉత్త గొంతుతోటే అన్న, అయినా గోడలు అదిరినయి. సుగుణ కూసున్న కాడనే రెండు కమ్మలు తీసి నా చేతుల పెట్టింది. పూడూర్‌ల వాళ్లమ్మ రెండేండ్లు బర్రె పాలు అమ్మి చేపించిన కమ్మలు అవి. అందరు స్తోత్రం అన్నరు. వాటిని అమ్మి మైకు సెట్టు కొన్నరు. ఆ మైకుల మొదాలు మాట్లాడింది ఎవరో మీకు చెప్పే అవసరం లేదనుకుంట.

రెండేండ్ల కింద కొత్త పాస్టరయ్య వచ్చిండు. "దేవుడు చూసేది మనసును, మెడను కాదు" అన్నడు. ఆడోళ్లందరు పెట్టెల్ల దాచుకున్నయి తీసి పెట్టుకున్నరు. సుగుణ పెట్టుకోలే. తీసి పెట్టుకోనీకె ఆమెకేమున్నయి?

గురువారం డ్యూటీ దిగి తాండూర్‌ల బంగారం దుకాణంకు పోయిన. వాళ్లమ్మ పెట్టిన కమ్మల తీరుగనే, పూవు నడుమ ఎర్ర రాయి ఉన్న జత ఏరి తీసిన. దుకాణం సేట్ అడిగిండు, "ఇంట్లామె చెవులకు ఇప్పుడేమున్నయి సార్?"

"ఏం లేవు సేట్. ఇరవై ఏండ్ల నుంచి గురిగింజంత బంగారం పెట్టలే" అన్న. గర్వంగనే అన్న.

సేట్ కమ్మలను మళ్ల బట్ట మీద పెట్టిండు. "అయితే ఒకసారి తోలుకొని రాండ్రి. చెవులు చూసి ఇస్త."

"చెవులు చూసుడు ఏముంది సేట్? రెండున్నయి."

దుకాణంల అందరు నవ్విన్రు. నవ్వేటోళ్లు దొరికితే నాకు ఇంకెవ్వరు కనపడరు. సేట్ నవ్వలే. "అది కాదు సార్, చానా ఏండ్లు పెట్టకుంటె..." అని ఏదో చెప్పబోయిండు. బస్సు టైమయిందని నేను పైసలు కట్టి, కమ్మల డబ్బీ జేబుల ఏసుకొని లేచిన.

ఆదివారం వచ్చింది. అదే మైకు, నల్ల టేపు చుట్టి ఇంక నడిపిస్తున్నరు. "గీ మైకు ఎవరి కమ్మలతోటి వచ్చిందో మీకందరికి తెలుసు" అని మొదలుపెట్టిన. పెండ్లి నుంచి పట్టుకొని అంతా చెప్పిన. ఆఖరికి, "సుగుణా, ముందరికి రా" అన్న.

ఏమైందో తెల్వక కొంగు సదురుకుంట వచ్చింది. డబ్బీ తెరిచిన. ఎర్ర రాయి దిక్కు చూసింది. వేలుతోటి ఒకసారి తాకింది. నా దిక్కు చూసి ఏదో చెప్పబోయింది. నేను చెప్పనియ్యలే. మైకు చంకల పెట్టుకొని, ఒక కమ్మ తీసి ఆమె చెవికి పెట్టిన.

పోలే.

కొంచెం వత్తిన. పోలే. నాకే కనపడ్తలేదేమో అనుకొని అద్దాలు సరిగ పెట్టుకొని ఇంకింత వత్తిన.

"నొస్తుంది" అన్నది సుగుణ. మెల్లగనే అన్నది. కాని చంకల ఉన్న మైకు ఆమె మూతి దగ్గరనే ఉండె. ఆ మాట చర్చి నాలుగు మూలలకు పోయింది.

ముందు వరుసల కూసున్న రాహేలమ్మ, మా అందరి కంటె పెద్దామె, లేచి వచ్చి చెవి పట్టి చూసింది. "చెవి తూటు ఎప్పుడో పూడిపోయింది గదయ్యా. నీకు తెల్వదా?"

అది గూడ మైకులనే పడ్డది. పిల్లలు నవ్విన్రు. పిల్లలను ఊకోమనుకుంట ఆడోళ్లు నవ్విన్రు. పాస్టరయ్య జల్ది జల్ది ఒక పాట ఎత్తుకున్నడు. సుగుణ నా చేతులకెల్లి కమ్మ తీసుకొని డబ్బీల పెట్టి, మూత బిగించి, నాకే ఇచ్చి పోయి కూసున్నది.

అరవై మందిల టికెట్ లేనోణ్ణి పట్టే కండ్లు ఇవి. ఇరవై ఏండ్లు పక్కన కూసొని అన్నం తిన్న మనిషి చెవులు చూడలే.

ఇంటికొచ్చినంక అన్న, "ఫికర్ చెయ్యకు. వికారాబాద్‌ల కంసాలి దగ్గర మళ్ల చెవులు కుట్టిస్త."

సుగుణ చెవి తమ్మెకు కొబ్బరి నూనె రాసుకుంటుండె. ఎర్రగ వాచింది. "అప్పుడు అందరి ముందర తీయమన్నవు, తీసిన. ఇయ్యాల అందరి ముందర పెడ్తనంటివి. ఇంట్ల ఉన్నప్పుడు ఒక్కసారన్న నన్ను అడిగినవా?"

"దేవుని పనికే గద ఇచ్చినం..."

"నేను దేవునికిచ్చిన. నువ్వు సంఘంకు చూపిచ్చినవు."

లోపలికి పోయి మోకరించిన. ప్రభువా అని ఎత్తుకున్ననో లేదో, వంటింట్లకెల్లి ఇనపడ్డది, "జర మెల్లగ చెయ్యి. ఆయనకు మైకు అక్కర లేదు."

కమ్మలు బీరువాల ఉన్నయి. సుగుణ చెవులు కుట్టించుకుంటనని అనలే, కుట్టించుకోనని అనలే. ఆ ముచ్చట నేను మళ్ల ఎత్తలే. ఇంక మీద ఏది చేసినా ఆమెను అడిగే చేస్తనని దేవుని ముందర మొక్కుకున్న.

ఇంతల యాదయ్య ఛాయ్ గ్లాసు కింద పెట్టిండు. "మంచిదే అన్నా. మరి ఇంత మంది ముందర గీ ముచ్చట చెప్తనని వదినను అడిగే వచ్చినవా?"

అడగలే.