మా గార్డు ఈకలు, మా బావమరిది పంజరం

మన తెలుగు సంఘం పత్రికలో ఈ ఆరోగ్యానుభవాల శీర్షిక కింద ఇప్పటిదాకా మోకాళ్ల ఆపరేషన్ వచ్చింది, గాల్‌బ్లాడర్ రాళ్లు వచ్చాయి, ఒకాయన తన పంటి నొప్పిని రెండు సంచికల పాటు రాసుకున్నాడు. నేను మూడుసార్లు పంపిన అనుభవం మాత్రం రాలేదు. మొదటిసారి జవాబే లేదు. రెండోసారి అడిగితే పోస్టులో పోయి ఉంటుందన్నారు. నేను దాన్ని స్వయంగా చేతికిచ్చాను. మూడోసారి సంపాదకుడు గారు కూరగాయల మార్కెట్లో ఎదురుపడి, "పేషెంటు మనిషై ఉంటే బాగుండేదండీ" అన్నారు. పంటికి చోటుంది, ప్రాణానికి లేదా అని అడిగాను. ఆయన కొత్తిమీర బేరంలో మునిగిపోయారు. ఇది నాలుగోసారి.

పేషెంటు పేరు గార్డు. కాకటీల్ జాతి చిలుక. బూడిద రంగు ఒళ్లు, పసుపు తల, బుగ్గల మీద నారింజ రంగు బొట్లు. మన పచ్చ చిలుకను ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం కాబట్టి, నేను టాటానగర్‌లో రైల్వే ఉద్యోగం నుంచి రిటైరైనప్పుడు మా అమ్మాయి ఈ విదేశీ జాతి పిల్లను తెచ్చి ఇచ్చింది. బర్మామైన్స్‌లో మా సందులోవాళ్లు వచ్చి చూసి, ఇది చిలుకేనా, పావురంలా ఉందే అన్నారు. అన్నవాళ్లెవరో నాకు గుర్తున్నారు.

దానికి మాటలు రావు, ఈల వచ్చు. పొద్దున్నే నేను ఈల వేస్తే అదీ వేసేది. అందుకే గార్డు అని పేరు పెట్టాను. సర్వీసంతా నేను పై అధికారులకు పెట్టుకున్న అర్జీలకు ఒక్క జవాబు రాలేదు. నేను నోరు తెరవగానే బదులిచ్చిన మొదటి ప్రాణి ఇదే.

దాని పంజరం కూడా మామూలుది కాదు. గోవింద్‌పూర్‌లో ఉండే మా బావమరిది సన్యాసిరావు ఫ్యాబ్రికేషన్ పని చేస్తాడు. వాళ్ల అక్క ఇంటికి చిలుక వచ్చిందని విని, తుప్పు మాత్రం పట్టకూడదని నేను చెబితే సరేనని, సొంత చేతులతో వెల్డింగ్ చేసి, ఆటో మీద కట్టుకుని తెచ్చాడు. తళతళా మెరిసే జాలీ. ఏనుగు ఆనుకున్నా వంగదు. ఊరంతా ఇనుముతో పెరిగినవాళ్లం, మాకు బలమే అందం. మా ఆవిడ దాన్ని ముందు గదిలో, వచ్చినవాళ్లకు ముందుగా కనపడే చోట పెట్టించింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "మా పుట్టింటోలిచ్చినారు" అని చెప్పేది.

తేడా తెలిసిన రోజు బాగా గుర్తుంది. పొద్దున్న ఈల వేశాను. జవాబు రాలేదు. మళ్లీ వేశాను. గార్డు ఒళ్లంతా ఈకలు పొంగించుకుని, దూది ఉండలా పంజరం అడుగున కూర్చుని ఉంది. కళ్లు సగం మూసుకుంది.

"ఏమే, దీనికేదో అయింది" అన్నాను.

"ఏటవుద్ది? అది కూడా మీ మాట ఇనడం మానేసినాది. మన ఇంటి మనిసైపోయింది" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

మర్నాటికి పంజరం అడుగున ఈకలు. రెట్ట ఆకుపచ్చ నీళ్లలా ఉంది. తెల్ల కాగితం పరిచి, రెట్టను ఫోటో తీసి, చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇలా ఎవరి పక్షికైనా అయిందా అని అడిగాను. ముప్పైమంది చుట్టాల్లో ఒక్కరూ పలకలేదు. సన్యాసిరావు మాత్రం బొటనవేలు బొమ్మ పెట్టాడు. పది నిమిషాల్లో మా అమ్మాయి నన్ను గ్రూపులోంచి తీసేసింది. ఫోన్ చేసి ఎందుకని అడిగితే, "పాపా, ఖానే కే టైమ్ పే?" అంది. రోగం భోజనాల వేళ చూసుకుని వస్తుందా?

మొదట మా దగ్గరలోని జంతువుల క్లినిక్‌కి తీసుకెళ్లాను. పంజరం ఆటోలో పట్టదు, అందుకని చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టాను. అక్కడ పేర్లు రాసుకునే అమ్మాయి పెట్టెలోకి తొంగి చూసి, "అంకుల్, ముర్గీ హై క్యా?" అంది. కోడి కాదు, కాకటీల్ అన్నాను. ఆమె కోడి అనే రాసింది. ఒక బొచ్చుకుక్క గోళ్లు కత్తిరించేదాకా మేం కూర్చున్నాం. ఆ కుక్క నేను వచ్చిన తర్వాత వచ్చింది. డాక్టరు పెట్టె మూత పూర్తిగా తీయకుండానే, "మోల్టింగ్. ఈ వయసులో మొదటిసారి ఈకలు రాల్చుకుంటాయి. మల్టీవిటమిన్ డ్రాప్స్ వెయ్యండి" అన్నాడు. రెట్ట ఫోటో చూపించబోయాను. టీ తాగుతున్నాను అన్నాడు.

డ్రాప్స్ వేశాం. గార్డు రొమ్ము మీద పావలా అంత గులాబీ రంగు చర్మం బయటపడింది. తర్వాత అది అర్ధరూపాయంత అయింది. మాకు కనిపిస్తుండగానే తన ఈక తనే ముక్కుతో పట్టి పీక్కునేది. పీకినప్పుడల్లా కీచుమనేది. మా ఆవిడ తట్టుకోలేక పసుపు రాయబోయింది. నేను వద్దన్నాను.

చివరికి నదికి అవతల మాంగో అనే పేటలో పక్షుల్ని చూసే డాక్టరమ్మ ఉందని తెలిసింది. మా ఆవిడ కూడా వచ్చింది. ఆ డాక్టరమ్మ మాట్లాడింది హిందీలో, నేను తెలుగులో రాస్తున్నాను. ముందు గార్డును చిన్న త్రాసు మీద నిలబెట్టి తూచింది. రెక్క విప్పి, ఈకల మీద అడ్డంగా ఉన్న గీతలు చూపించి "స్ట్రెస్ బార్స్" అంది, పక్షి బాధలో ఉన్నప్పుడు పడే గీతలట. తర్వాత నన్నే అడిగింది: "తల చూడండి. అక్కడ ఈకలు ఎలా ఉన్నాయి?"

"నిక్షేపంగా ఉన్నాయి."

"మోల్టింగ్ అయితే తల మీద కూడా రాలతాయి, రాలిన చోట కొత్తవి ముళ్లలా పుడతాయి. పక్షి హుషారుగానే ఉంటుంది. దీనికి తల తప్ప మిగతా చోట్లే పోయాయి. ఎందుకంటే దాని ముక్కు దాని తలకు అందదు. ఇది రాలడం కాదు, పీక్కోవడం. లోపల ఏదో బాధ ఉంది, ఆ చిరాకు ఈకల మీద తీర్చుకుంటోంది."

ఇది నాకు వెంటనే అర్థమైంది.

రెట్ట ఫోటోలన్నీ చూపించమంది. ఒక్కటి కాదు, అన్నీ. ఆ ఫోటోలను మర్యాదగా చూసిన మొదటి మనిషి ఆవిడే. తర్వాత పంజరం దేనితో చేసిందని అడిగింది. నేను ఫోన్‌లో ఉన్న దాని ఫోటో చూపించి, "వెల్డింగ్ చూడండి మేడమ్, జన్మలో తుప్పు పట్టదు" అన్నాను.

ఆమె ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, ఎక్స్‌రే తీయించింది. గార్డు పొట్టలో, గిజార్డ్ అనే చోట, తెల్లగా మెరిసే నలుసులు. బ్లడ్ శాంపిల్ బయటి ఊరికి పంపింది, కానీ దాని కోసం ఆగలేదు.

"హెవీ మెటల్ పాయిజనింగ్. జింక్ అయి ఉంటుంది. తుప్పు పట్టకుండా ఇనుము మీద పూసే పూత అదే. చిలుక ముక్కుతోనే పంజరం ఎక్కుతుంది, ఊసుపోకపోతే కొరుకుతుంది. ఆ పూత లోపలికి పోతుంది."

"మేడమ్, మన ఊళ్లో ఇనుము తగలనిదెవరికి?"

"మనం కొరకం కదా అంకుల్."

మా ఆవిడ ఎక్స్‌రే వైపు చూడలేదు. "మా తమ్ముడు మంచి సరుకే ఏసినాడు" అని మాత్రం అంది, గోడకి చెప్పినట్టు.

చిలేషన్ అనే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రక్తంలో చేరిన లోహాన్ని అవి బయటకు లాగుతాయట. రోజూ అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని వంతెన దాటి వెళ్లడం, రావడం. మా ఆవిడ తువ్వాలులో గార్డును పట్టుకునేది, డాక్టరమ్మ రొమ్ము కండలోకి పొడిచేది. మెత్తటి మేత సిరంజితో పట్టించాం. ఇంట్లో మామిడిపళ్ల చెక్కపెట్టెకు దోమతెర కట్టి అందులో ఉంచాం. "ఆ పంజరం వాసన కూడా తగలకూడదు" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. కొన్నాళ్లకు పీక్కోవడం తగ్గింది. ఒక పొద్దున్న నా ఈలకు సగం ఈల వచ్చింది.

అప్పుడు సన్యాసిరావు వస్తున్నానని ఫోన్ చేశాడు. నేను వాడి కోసమే చేపలు తేవడానికి బజారుకెళ్లాను. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. తిరిగి వచ్చేసరికి చెక్కపెట్టె ఖాళీ. గార్డు పాత పంజరంలో, జాలీని ముక్కుతో పట్టుకుని వేలాడుతోంది. సన్యాసిరావు ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు.

"సూడు బావా, నా పంజరాన్ని ఎలా ముద్దెట్టుకుంటందో!"

చేపల సంచి అక్కడే వదిలేశాను. గార్డును బయటికి తీసి, మా ఆవిడ వైపు చూశాను.

"ఒక్క గంటేనండీ" అంది ఆమె మెల్లగా. "ఆడు మోసుకొచ్చి ఇచ్చిన పంజరం, కాళీగా సూత్తే ఏటనుకుంటాడు?"

ఏమనుకుంటాడో నాకు తెలియదు. మర్నాడు గార్డు మేత కక్కేసింది. కర్ర మీద నిలబడలేకపోయింది. ఊపిరికి తోక పైకీ కిందకీ కొట్టుకుంటోంది. మళ్లీ ఎక్స్‌రే, కొత్త నలుసులు. డాక్టరమ్మ కోపం ఆపుకుని, "ఈసారి నేను మాట ఇవ్వలేను అంకుల్" అంది. తిరుగు దారిలో ఆటోలో మా ఆవిడ పెట్టెలో చేయి పెట్టి కూర్చుంది. గార్డు ఆమె వేలి మీద తల వాల్చింది. "తమ్ముడు మొకం సూసినాను, దీని మొకం సూల్లేదు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికెళ్లి సిరంజిలో మేత కలిపాను.

తర్వాతి కొన్ని రోజులు మళ్లీ ఇంజెక్షన్లతోనే గడిచాయి. మా ఆవిడే ఎవరి సాయం లేకుండా పంజరాన్ని డాబా మీదికి ఈడ్చుకెళ్లి, కోతులు రాకుండా మిరప కుండీల మీద బోర్లించింది. ఆ చప్పుడుకు కింద పెట్టెలోంచి ఈల వినిపించింది. సగం కాదు, పూర్తిది. నేను వేయకుండానే వేసింది.

గార్డు బతికింది. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ పంజరంలో ఉంది. రొమ్ము మీద పిన్ ఫెదర్స్, అంటే కొత్త ఈకల మొలకలు, ముళ్లపందిలా లేచాయి, ఒక చోట మాత్రం ఇంకా బోసిగానే ఉంది. అక్కడ వస్తాయో రావో చెప్పలేమంది డాక్టరమ్మ. రోజూ తూస్తాను, కాగితం మీద రెట్ట చూస్తాను. నన్ను గ్రూపులోకి మళ్లీ చేర్చారు, ఫోటోలు పెట్టకూడదనే షరతు మీద.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చిలుక ముక్కు తగిలే ప్రతిదీ ముందు మీరు చూడండి. మెరుపు చూసి మోసపోకండి. స్టెయిన్‌లెస్ స్టీల్ అని తేలకపోతే అందులో పెట్టకండి. తల బాగుండి ఒళ్లు బోసిపోతుంటే, విటమిన్ చుక్కలతో రోజులు గడపకుండా ఎక్స్‌రే తీసే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక మిగిలింది సన్యాసిరావు సంగతి. గార్డు కోలుకున్నాక ఫోన్ చేసి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

"బావా, నువ్వేటడిగినావు? తుప్పట్టకూడదన్నావు. పట్టినాదేటి?"

"పట్టలేదు."

"మరేటి గొడవ? అలాంటివే ఇంకో రెండు మన తెలుగోలకే సేసిచ్చినాను. ఎవులూ ఒక్క మాటనలేదు."

"వాళ్ల పక్షులెలా ఉన్నాయిరా?"

"పంజరాలు బాగున్నాయన్నారు."

ఎవరికిచ్చావని అడిగాను. "సెప్పను. నువ్వెల్లి ఆలింట్లో పంచాయితీ ఎడతావు. నా పని పోద్ది" అని పెట్టేశాడు. అప్పటినుంచి నా ఫోన్ ఎత్తడు. వాళ్లక్క ఫోన్ ఎత్తుతాడు, నా గొంతు వినగానే లైన్ బాగోలేదంటాడు. గోవింద్‌పూర్ వెళ్లాను. ఇంట్లోనే ఉన్నాడు, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

సన్యాసిరావూ, నీ పని పోవాలని నాకు లేదు. నీ వెల్డింగ్‌కి వంక పెట్టేవాడు ఈ ఊళ్లో లేడు. కానీ ఆ రెండు ఇళ్లలో పక్షులు ఈ పూట కూడా ఆ జాలీనే కొరుకుతున్నాయి. వాళ్లు మోల్టింగ్ అనుకుంటూ డ్రాప్స్ వేస్తూ ఉంటారు. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే మీ అక్కకి చెప్పు, సంఘం ఆఫీసులో చెప్పు, లేదా నువ్వే వెళ్లి వాళ్లకు చెప్పు. ఆ పంజరాలు ఎవరిళ్లలో ఉన్నాయి? ఈసారి బొటనవేలు బొమ్మ పనికిరాదు. పేర్లు కావాలి.