జరిమానా ఫొటోల్లో తమ్ముడు

మా ఊరు కారా-బల్తా బడి వంటశాలలో అనార్‌కుల్ అక్క పెద్ద వంటామె. నేను ఆమె చేతికింద కూరలు తరిగేదాన్ని. మా ఇళ్ళ మధ్య ఉన్నది ఒక్క చెక్క కంచె. నోరు విప్పితే కరుకు మనిషి. పిల్లలు జావ వదిలేస్తే, "ఇంట్లో మీ అమ్మ గుర్రం మాంసం వండిపెట్టుకుని ఎదురు చూస్తోందా? తిను!" అని గదిమేది. మళ్ళీ తనే వాళ్ళ జేబుల్లో రొట్టెముక్కలు కుక్కి పంపేది.

చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముడు ఎర్మెక్‌ని ఆమే పెంచింది. పెళ్ళి చేసుకుంది గానీ ఏడాది తిరక్కుండానే పుట్టింటికి వచ్చేసింది. తండ్రి పోయేముందు తన పాత తెల్లకారుని కూతురి పేర రాయించాడు. "వీడి పేర పెడితే వారంలో అమ్మేస్తాడు" అని నవ్వాడట. కాగితం మీద పేరు ఆమెది, తోలేది ఎర్మెక్. ఆ కారునే టాక్సీగా మా ఊరికీ రాజధాని బిష్కెక్‌కీ మధ్య తిప్పేవాడు.

అలా తిప్పుతున్న రోజుల్లోనే నాజిరా పరిచయమైంది. ఆమె భర్త రష్యాకి పనికి వెళ్ళి అక్కడే చనిపోయాడు. మీరిమ్ అని ఒక కూతురు. ఆమెనే చేసుకుంటానని ఎర్మెక్ వచ్చి చెప్పిన రోజున వాళ్ళ మాటలన్నీ కంచె ఇవతలికి వినిపించాయి.

"ఊళ్ళో పెళ్ళికాని పిల్లలకి కరువొచ్చిందా నీకు?"

"అక్కా, ఆ పిల్ల నన్ను నాన్నా అంటోందే."

"అనదూ మరి! తల్లి నేర్పి ఉంటుంది."

"ఒక్కసారి వచ్చి చూడు. చూశాకే తిట్టు."

"ఇంకొకడి పొయ్యిలో బూడిద ఎత్తడానికా నిన్ను ఇంతవాణ్ణి చేసింది? ఆవిణ్ణి తెచ్చేటట్టయితే ఈ గడప తొక్కకు."

ఎర్మెక్ మేకుకున్న తాళాలు తీసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు అనార్‌కుల్ అక్క ఫోన్ల కొట్టుకి వెళ్ళి అతని నెంబరూ, నాజిరా నెంబరూ బ్లాక్ చేయించుకుని వచ్చింది. "క్షమించమంటూ ఫోన్లో కాదు, మనిషిగా రావాలి వాడు" అంది. మంచు పడింది, కరిగింది. అతను రాలేదు.

ఆ మొదటి చలికాలంలోనే బిష్కెక్‌లో పార్కింగ్ యాప్ వచ్చింది. తప్పుచోట ఆపిన కారుని ఫొటో తీసి, ఎవరి పేర ఉంటే వాళ్ళ ఫోనుకి జరిమానా పంపేవారు. ఒకరోజు మేము క్యాబేజీ తరుగుతుంటే అక్క ఫోను టింగుమంది. ఆమె చదివి, "నేనిక్కడ కత్తి పట్టుకుని నిలబడితే నా కారు బిష్కెక్‌లో దారికడ్డం పడుందట!" అంటూ నా చేతికిచ్చింది. తెరమీద తెల్లకారు వెనకభాగం, నెంబరు పలక, పక్కన ఏదో మందుల దుకాణం మెట్లు. నేను ఫొటోని వేళ్ళతో పెద్దది చేశాను. వెనక అద్దం మీద పట్టిన మంచులో చిన్నపిల్ల చెయ్యి అచ్చు. ఐదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి.

అక్క చాలాసేపు చూసింది. "అడ్డగాడిద. పార్కింగ్ కూడా చేతకాదు" అని, అక్కడే నిలబడి జరిమానా కట్టేసింది.

అది మొదలు. వంటశాలలో మాకు తోడుండే లూబా పిన్ని ఆటపట్టించేది: "లోకమంతా జరిమానా వస్తే ప్రభుత్వాన్ని తిడుతుంది. మా అనార్‌కుల్ అయితే కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతుంది!" నిజమే. ఫోను టింగుమంటే చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తేది. ఒక ఫొటోలో ఎర్మెక్ కూడా పడ్డాడు. చెవులు కప్పే టోపీతో, చేతిలో రొట్టెల సంచీతో కారు వైపు పరుగెడుతున్నాడు. "బక్కచిక్కాడు. ఆవిడకి వంట రాదని నేనప్పుడే అనుకున్నా" అంది అక్క. ఆ ఫొటోని ఫోను ముఖచిత్రంగా పెట్టమని నన్నే అడిగింది.

"బ్లాక్ తీసేసి ఒక్కసారి పలకరించక్కా" అన్నాను.

"బాగానే ఉన్నాడుగా, కనిపిస్తూనే ఉన్నాడుగా" అంది.

రెండో చలికాలం గడిచాక జరిమానాలు ఎక్కువయ్యాయి. ఫొటోల్లో ఎర్మెక్ మళ్ళీ కనిపించలేదు. ముందు సీటు మీద ఒక ఆడమనిషి శాలువా కనిపించింది. "చూశావా, రాణీగారు పక్కన కూర్చుని ఊరేగుతోంది" అని మూతి విరిచి, మళ్ళీ కట్టేసింది.

వేసవి సెలవులకి ముందు ఫొటో రాలేదు, ఫోనే వచ్చింది. బిష్కెక్ నుంచి ఎవరో అధికారి. అడ్డంగా ఆపిన కారుని ఎత్తుకెళ్ళి తమ ఆవరణలో పెట్టారట. ఎవరి పేర ఉందో వాళ్ళే వచ్చి సంతకం పెడితేగానీ వదలరట. ఫోను పెట్టేశాక అనార్‌కుల్ అక్క మొహం చూడాలి. "ఇప్పుడెక్కడికి పోతాడు! నా సంతకం లేకుండా కదల్లేడుగా!" అంది. ఆ సాయంత్రమే పిండి కలిపింది. పొద్దున్నే తాజా రొట్టెలు, అతనికిష్టమైన నేరేడుపండు రంగు జామ్ సీసా, పిల్లకి కొన్న ఎర్ర చెప్పులు సంచిలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. చెప్పులు ఎప్పుడు కొందో నాకు తెలియదు. దారంతా ఎర్మెక్‌ని ఏమని తిట్టాలో నాకు వినిపిస్తూ వచ్చింది.

ఆ ఆవరణ గేటు దగ్గర ఒక సన్నటి ఆడమనిషి, పక్కన బడి సంచీతో ఒక పిల్ల నిలబడి ఉన్నారు. ఆమె తలమీద నల్లగుడ్డ ఉంది. మా దగ్గరికి వచ్చి తలవంచింది.

"వదినా, నేను నాజిరాని."

అక్క ఆమె వెనక్కి చూసింది. "వాడేడీ? సిగ్గుపడి ఎక్కడైనా దాక్కున్నాడా? రమ్మను, కొట్టనులే."

నాజిరా ఆమె మొహంలోకి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "మీకు... మీకు నిజంగా తెలియదా?"

"ఏం తెలియాలి?"

"ఆయన పోయి అరసంవత్సరం దాటింది వదినా. ఊపిరితిత్తుల్లో నెమ్ము. జ్వరంతోనే టాక్సీ తోలారు, వద్దంటే వినలేదు. ఆసుపత్రిలో చేర్చేసరికి ఆలస్యమైంది."

రొట్టెల సంచి నేలమీద పెట్టి అక్క నిలబడే ఉంది. "అబద్ధం. మొన్న కూడా ఫొటో వచ్చింది నాకు. మందుల కొట్టు దగ్గర."

"తోలింది నేను. ఆ కొట్టుకి సరుకు చేరవేస్తుంటాను. ఎక్కడ ఆపాలో నాకింకా సరిగ్గా రాదు. జరిమానా కడదామని చూస్తే ప్రతిసారీ ఎవరో కట్టేసే ఉండేవారు. మీరేనని తెలుసు. మీ కోపం పోలేదు గానీ, కారు మీద మమకారం అనుకున్నా."

"నాకు కబురు చెయ్యలేదేం?"

"ఆసుపత్రి నుంచి ఎన్నిసార్లు చేశానో. మీ ఫోను మోగలేదు. ఆయన ఫోనులోంచీ చేశాం. 'అక్క కోపంగా ఉంది, నిద్రపోయి లేస్తే ఎత్తుతుందిలే' అన్నారు. తమ్ముడి ఫోను ఎత్తని మనిషికి మనిషిని ఎందుకు పంపాలి అనుకున్నా. ఆ నోటా ఈ నోటా మీకు తెలిసే ఉంటుందనుకున్నా. తలాస్ నుంచి మా అన్నలొచ్చి మట్టి చేశారు. మీకు చెప్పకపోవడం నేను చేసిన పనే, కాదనను."

అక్క ఏడవలేదు. సంతకం ఎక్కడ పెట్టాలని అధికారిని అడిగింది. పెట్టింది. కలం తిరిగివ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని బయటికి వస్తే ఆయనే వదిలేశాడు. కారు తలుపు తీసి డ్రైవరు సీటు మీద చెయ్యి వేసింది. అప్పుడు అక్కడే, ఆ నూనె మరకల నేలమీద కూలబడింది. నేనూ నాజిరా చెరో రెక్క పట్టుకుని లేపాం.

ఊరి చివర సమాధుల దగ్గరికి నాజిరాయే తోలింది. మట్టిదిబ్బ మీద గడ్డి మొలిచింది. అక్క చేతులు చాచి ప్రార్థన చేసి, గడ్డి పీకుతూ కూర్చుంది. "ఫొటోలో బాగానే ఉన్నాడు నాజిరా. పరుగెడుతున్నాడు" అంది. నాజిరా మమ్మల్ని తిరిగి బస్టాండులో దింపేటప్పుడు ఇంటికి రమ్మనలేదు. ఎర్ర చెప్పులు పిల్ల కాళ్ళకి చిన్నవయ్యాయి.

ఆ తర్వాత అనార్‌కుల్ అక్క వంటశాలలో ఎవర్నీ గదమడం మానేసింది. లూబా పిన్ని కూడా ఆటపట్టించడం మానుకుంది. కారుని నాజిరా పేర మార్పించింది, ఆమె వద్దన్నా వినలేదు. ఆ రోజుతో అక్క ఫోనుకి జరిమానాలు రావడం ఆగిపోయింది. ఒక్కోసారి పని మధ్యలో ఫోను తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకునేది.

చలికాలం వచ్చాక, బ్లాక్ తీయించుకున్న ఆ ఫోనుకే నాజిరా ఫోను చేసింది. సంవత్సరీకం పెడుతున్నానని, "చుట్టాల్లో ఆయన వైపు మీరొక్కరే" అని చెప్పింది. మేమందరం వెళ్ళాం. పెరట్లో గుడారం వేశారు. మా వైపు చనిపోయినవాడి అక్క గుడారం గోడవైపు తిరిగి కూర్చుని, వాడి పుట్టుక నుంచి పేరు పెట్టి పిలుస్తూ శోకాలు పాడాలి. మట్టి చేసిన రోజున ఆ చోటు ఖాళీగానే ఉండిపోయిందట. నాజిరా పక్కకి జరిగి చోటిచ్చింది.

అక్క కూర్చుంది. తలగుడ్డ మొహం మీదికి లాక్కుంది. అందరం విందామని ఆగాం. "ఎర్మెక్," అంది. ఇంకోసారి, "ఎర్మెక్." ఇంకేం రాలేదు. పాట నడవలేదు, భుజాలు మాత్రం కదిలాయి. నాజిరా ఆమె వెనకే కూర్చుని, తను పాడటం మొదలుపెట్టింది. అక్క నుదురు గుడారం గుడ్డకి ఆనించి వింటూ ఉండిపోయింది.

కొంతసేపటికి బయట నూనె కాగింది, పోయినవాళ్ళ పేర నూనెలో వేయించే పిండిముక్కలు, బోర్సోక్‌లు వెయ్యాలి రమ్మని ఎవరో పిలిచారు. అనార్‌కుల్ అక్క లేచి, కళ్ళు తుడుచుకోకుండానే వెళ్ళి పిండి ముద్ద అందుకుంది.