వెదురుబద్దలో వినిపించిన భజన

మా చిన్నప్పుడు... అని ఎన్నిసార్లు మొదలుపెట్టి ఊరుకున్నానో, అమ్మాయీ. మొన్న గుడిలో భజన అయ్యాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ గొంతు ఎంత మెత్తగా ఉంటుందండీ... పుట్టుకతోనే వచ్చిందా?" అంది. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం పెడుతుంటే సిగ్గేసింది. అందుకే ఇప్పటికి కలం పట్టాను.

నాది పుట్టుకతో మెత్తని గొంతు కాదు. పెడనలో మా వీధి వీధంతా మగ్గాలే. తెల్లారింది మొదలు పోగు మోస్తూ నాడె అటూ ఇటూ పరుగెత్తే టకటక... ఆ చప్పుడులో మాట వినపడాలంటే అరవాల్సిందే. ఉప్పు అడిగినా అరుపే, దణ్ణం పెట్టుకోమన్నా అరుపే.

పైగా మా నాన్నకు చిన్నతనంలో చెవుల్లో చీము పట్టి, వినికిడి చాలావరకు పోయింది. అమ్మ సైగలతో నెట్టుకొచ్చేది. నేను మాత్రం ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, బడి సంగతులన్నీ కేకలేసి చెప్పేదాన్ని. ఆయన నేస్తూనే నవ్వేవారు.

హైస్కూలుకు రోజూ బందరు వెళ్ళొచ్చేదాన్ని. ఒకరోజు సైన్సు మాస్టారు ధ్వని పాఠం చెప్తున్నారు. "కాలవలో రాయేస్తే నీళ్ళు ఒడ్డుదాకా నడిచి రావు, అల వస్తుంది. మోగే వస్తువు వణికితే పక్కనున్న గాలి వణుకుతుంది. అది దాని పక్కదాన్ని నెడుతుంది... అలా మన చెవి దాకా. కర్రలో అయితే ఇంకా బాగా వస్తుంది. పళ్ళతో కరిచి పట్టుకుంటే ఎముకలోంచి కూడా లోపలి చెవికి చేరుతుంది."

నన్ను బల్లకు చెవి ఆనించమని, ఆ చివర గోటితో గీరారు. నా చెవిలోనే గీరినట్టయింది! సంతోషం పట్టలేక, ఇంట్లో లాగే అన్నాను... "వినపడిందండీ!"

తరగతంతా ఘొల్లుమంది. "మేం ఇక్కడే ఉన్నామే తల్లీ, గుడివాడలో లేం!" అంది వెనక బెంచీ పిల్ల. మర్నాటి నుంచి నా పేరు మగ్గం.

గొంతు తగ్గించేశాను... ఇంట్లో కూడా. నాన్న నేత ఆపి నా మొహంలోకి చూసి, "ఏంటమ్మా, పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు... ఒంట్లో బాలేదా?" అన్నారు, వీధంతా వినపడేలా. తల అడ్డంగా ఊపాను. అరిస్తే నాకు సిగ్గు. అరవకపోతే నాన్నకు నా మాటే లేదు.

కొన్నాళ్ళకు ఆ బల్ల గుర్తొచ్చింది. మగ్గం పక్కన పడున్న సన్నటి వెదురుబద్ద కడిగి తెచ్చాను. ఒక కొస నాన్న పళ్ళ మధ్య పెట్టి, రెండో కొస నా పళ్ళతో పట్టుకుని, మెల్లగా రాముడి భజన కూనిరాగం తీశాను. బద్ద వణికింది. నాన్న కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది మందిరంలో పాడేదే కదే! ఇట్టా ఉంటదా నీ గొంతు?"

అంతవరకూ ఆయన విన్నది నా అరుపు... నా గొంతు కాదు. బద్ద మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకుని, ఇంకోసారి అన్నట్టు చెయ్యి ఊపారు.

అప్పుడే కిటికీలోంచి పక్కింటి మావయ్య, "ఏం బావా, తండ్రీ కూతుళ్ళు చెరో కొసా పట్టుకుని చెరుకు నములుతున్నారా?" అన్నాడు. అరుగు మీద నూలు చుట్టే ఆడవాళ్ళంతా లేచొచ్చి ఒకటే నవ్వు. నా మొహం మండిపోయింది.

నాన్నకు ఆ మాట వినపడలేదు. కానీ నవ్వు కనపడుతుందిగా... వాళ్ళ నోళ్ళు చూశారు, నా మొహం చూశారు. బద్ద తీసి, కండువాతో తుడిచి, మగ్గం కిందికి తోసేశారు.

"వద్దులేమ్మా, నలుగురూ నవ్వుతారు. నువ్వు అరవనూ వద్దు."

నాన్న అంత మెల్లగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి.

నాకు బరువు దిగినట్టయింది. అలా తేలికపడ్డానే... అదే ఇన్నేళ్ళూ లోపల గుచ్చుతోంది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా సైగలే. అత్తారింటికి బయల్దేరిన రోజున కూడా వెళ్ళొస్తానని చెయ్యి ఊపే చెప్పాను.

ఇప్పుడు మా వీధిలో ఆ టకటక లేదు. గుసగుసలాడినా ఆ చివరికి వినపడుతుంది... వినాల్సిన మనిషి లేరు.

చిన్నప్పుడు నువ్వు నాకు చెప్పాలనుకుని ఊరుకున్న మాట ఏదన్నా ఉంటే, రాసి ఈ కాగితాల పక్కనే పెట్టు. వీటిని దాచు తల్లీ... ఎవరికీ చూపించకు. నా గొంతు పుట్టుకతోనే మెత్తనిదని గుడిలో వాళ్ళనుకోనీ.